‘చేరింది’ అని రాసింది నేనే

మే 9, 2003, శుక్రవారం

భద్రమ్మా, నిన్న ఈ డైరీలో నీ చేత్తో నువ్వే రాసుకున్నది తప్పు. “చౌడేశ్వరి కంప్యూటరు తెర సరిగా చూసుకోక కొత్తమిట్టకు మూడు రోజులు నీళ్ల ట్యాంకరు పోలేదు” అని రాశావు. చౌడేశ్వరి చూసుకోకుండా ఉండే మనిషి కాదు. తొమ్మిదో తరగతి లెక్కలు నా దగ్గరే చదివింది. తెలివి మామూలే గానీ చూపు గద్ద చూపు. పక్క బెంచీ వాళ్ల తప్పులు కూడా తనే పట్టేది. కాబట్టి దిద్దుకో: సోమవారం గాలివానకు కరెంటు ఎగిరెగిరి పడి నీళ్ల సంఘం గదిలో కంప్యూటరు మొద్దుబారింది. అది ఎవరి తప్పూ కాదు.

కొత్తమిట్ట ఓబుళేసు భార్య లక్ష్మీదేవి నిన్న పొద్దున ఎండిన బావిలోకి దిగి, అడుగున చెలమ తవ్వి చెంబుతో నీళ్లు తోడుతుంటే గట్టు విరిగి మీద పడింది. కాలు రెండు చోట్ల విరిగింది. అనంతపురం ఆస్పత్రిలో ఉంది. అది కూడా ఎవరి తప్పూ కాదు అని రాయబోయాను. కలం ఎందుకో ఆగింది. సిరా అయిపోయి ఉంటుంది.

బుధవారం సంగతి తర్వాత రాస్తాను.

మే 10

ఎండ. ఆ కంప్యూటరుకు నేను రాసిన ప్రోగ్రాము కాగితాలు బీరువా మీద ఉన్నాయి. తీయలేదు.

మే 11, ఆదివారం

గంగాధరప్ప వచ్చాడు. నీళ్ల సంఘానికి అధ్యక్షుడు కదా, వచ్చేటప్పుడు చెప్పులకంటే ముందు గొంతు వస్తుంది.

“ఏం మేడం, ముఖం వాడిపోయినట్టుండాది?”

“అరవై ఏడేళ్ల ముఖం గంగాధరప్పా. ఇంకెలా ఉంటుంది?”

“మీరేం దిగులు పడొద్దండి. మీ ప్రోగ్రాముకు మచ్చ రానీను. గురువారం మద్దేన్నం స్విచ్చి తీసి వేస్తానే పనిచేసింది గదా? అంటే మిషను సుద్దంగా ఉండాది. ఆయమ్మే కునుకు తీసిండాది. వచ్చే ఆదివారం మీటింగులో తీర్మానం రాసి చౌడేశ్వరిని పంపించేస్తాం.”

నేను మజ్జిగ ఇచ్చాను. ఉప్పు తక్కువైందని ఆయనే చెప్పాడు.

ఆయన పోయాక నాకు నేనే సాక్ష్యం చెప్పుకున్నాను. నేను చేసిన తప్పేమిటి? సంఘం ట్యాంకర్లు తోలేది మూడు ఊళ్లకు: కొత్తమిట్ట, పాలబండ, ఊటకుంట. (ఊటా లేదు, కుంటా లేదు, పేరు మాత్రం మిగిలింది.) ఇదివరకు డ్రైవరుకు బీడీకట్ట ఇచ్చినవాడి ఊరికి ట్యాంకరు పోయేది. గట్టిగా అరిచినవాడికి రెండోది పోయేది. ఎవరో దాతలు పాత కంప్యూటర్లు ఇస్తే, ఒక్కో ఊరి బడిలో ఒకటి పెట్టించి, ఫోను లైను మీద ఇక్కడ గోరంట్లలో మా సంఘం గదిలోని పెద్ద కంప్యూటరుకు కలిపించాను. ఊరి నుంచి “ఇన్ని ట్యాంకర్లు కావాలి” అని కొడితే ఇక్కడ చౌడేశ్వరి ముందున్న తెరమీద వరసగా పడుతుంది, ఆమె చూసి ట్యాంకరు తోలిస్తుంది. ముందు అడిగిన ఊరికి ముందు. బీడీలు లేవు, అరుపులు లేవు.

ఆ ప్రోగ్రాము నేను రాశాను. హిందూపురంలో ఇరవై ఏళ్ల ఆడపిల్లల మధ్య కూర్చుని అరవై నాలుగో ఏట సి అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాను. ఆ పిల్లలు నన్ను చూసి ఎవరి అవ్వో ఫీజు కట్టడానికి వచ్చిందనుకున్నారు. రెండో నెలకు నా నోట్సు కోసం కొట్టుకున్నారు.

సాకెట్టు అనే వాకిలి తెరవడం, దానికి నంబరు కట్టడం, చెవి ఒగ్గి కూర్చోవడం, వచ్చినవాణ్ణి లోపలికి రమ్మనడం, చెప్పింది వినడం, అయిపోయాక మూసేయడం. ఇంతే. మర్యాద తెలిసిన ఇంట్లో చుట్టం వస్తే చేసేదీ ఇదే. ఎన్నిసార్లు చూసినా అందులో తప్పు కనబడదు.

ఎన్నిసార్లు చూశావు భద్రమ్మా? కాగితాలు ఇంకా బీరువా మీదే ఉన్నాయి.

మే 12

అనంతపురంలో ఎంసీఏ చదువుతున్న మనవరాలు జ్యోతిలక్ష్మికి ఫోను చేశాను. పరీక్షల సంగతి అడగడానికే చేశాను. మాటల్లో మాటగా గాలివాన సంగతి వచ్చింది.

“అవ్వా, నీ పెద్ద కంప్యూటరులో, అదే సర్వరులో, టైమవుటు పెట్టినావా లేదా?”

“ఎందుకూ?”

“ఎందుకంటావేమవ్వా! అవతల కరెంటు పోయి ఆ కంప్యూటరు గుటుక్కుమంటే నీ సర్వరుకు ఎవరు చెప్తారు? అది చెప్పి పోదు గదా. నీది అది ఇంకా ఏదో చెప్తాదని చెవులు రిక్కించుకోని దినమంతా ఆడే కూర్చుంటాది. ఇంకెవురినీ లోపలికి పిలవదు.”

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

“నేను పోయినేడే చెప్తి గదా? ఇంతసేపు ఉలుకూ పలుకూ లేకుంటే వాన్ని వదిలేసి ఇంకోన్ని పిలిచేటట్టు రాయవ్వా అని. నువ్వేమంటివి? ‘ఎదుటిమనిషి మాట ముగించకముందే లేచిపోవడం మీ తరానికి అలవాటు, మా ఇంటావంటా లేదు’ అంటివి. నేను మా రూములో అందరికీ చెప్పి నవ్వించినా. ఇప్పుడేమైంది? నిజం చెప్పు, ఏమన్నా…”

“బిల్లు ఎక్కువవుతుంది” అని ఫోను పెట్టేశాను. తను ఇంకా మాట్లాడుతూనే ఉంది.

మే 13

చౌడేశ్వరి వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే చెప్పులు విడిచి గడప ఇవతల నేలమీద కూర్చుంది. కుర్చీ చూపించినా ఎక్కలేదు. నలభై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, నా ముందు ఇంకా తొమ్మిదో తరగతే.

“మేడం, మీ మిషనుకు చెడ్డపేరు తెచ్చినాను.”

“ఏమిటా మాట?”

“నేనేదో వొత్తకూడని మీట వొత్తింటాను మేడం. ఎంత ఆలోచన చేసినా గుర్తు రాలేదు. సోమవారం మద్దేన్నం నుంచి తెర ఖాళీగా ఉండె. కన్నార్పకుండా చూస్తాంటి. అమ్మవారి మీద ఒట్టు, కునుకు తీయలేదు.”

“తీయలేదని నాకు తెలుసు.”

“మీకు తెలిస్తే చాలు మేడం.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఉద్యోగం పోతే పోనీలే అంటాండాడు మా ఆయప్ప. ఆయప్పకేం, మగ్గం ముందర తల వంచుకోని కూర్చుంటాడు. బోరింగు కాడికి పోవల్సింది నేను గదా. కొత్తమిట్టోళ్లు మా చిన్నమ్మ ఊరోళ్లే. నిన్న మా వీధి బోరింగు కాడ ఆ ఊరి ఆడబిడ్డ ఒగామె నా బిందె పక్కకు జరిపి, ‘నువ్వు ముందర పట్టుకోమ్మా, నీకు నీళ్ల ఇలువ తెలీదు’ అనె.”

అప్పుడు చెప్పాల్సింది. వాక్యం కూడా సిద్ధంగా ఉంది: “తప్పు నీది కాదు, నాది.” కర్త, క్రియ అన్నీ సరిపోయాయి. నేను మాత్రం, “కాఫీ తాగుతావా?” అన్నాను.

తాగింది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లింది.

మే 14

చెప్పలేదు.

మే 15, గురువారం

కంప్యూటర్ల మీద దుమ్ము దులుపుతానని చెప్పి సంఘం గది తాళం తీసుకున్నాను. అబద్ధం కాదు, నిజంగానే దులిపాను. తర్వాత మూలన ఉన్న రెండు పాత కంప్యూటర్లను వైర్లతో పెద్దదానికి కలిపాను. ఒకటి పాలబండ అనుకున్నాను, రెండోది కొత్తమిట్ట.

పాలబండ నుంచి పలకరించాను. పెద్ద కంప్యూటరు లోపలికి రమ్మంది. సగం వాక్యం కొట్టి, సోమవారం గాలివానలో ఆ ఊరి స్తంభం పడినట్టు ప్లగ్గు పీకేశాను. పాలబండ తెర నల్లబడింది.

పెద్ద కంప్యూటరు ఎదురుచూస్తోంది. అయిదు నిమిషాలు. పది. దానికి కోపం లేదు, అనుమానం లేదు. చచ్చిపోయిన మనిషి ముందు చేతులు కట్టుకుని మిగతా సగం వాక్యం కోసం కూర్చుంది. ఎంత మర్యాద! నా పెంపకమే.

అప్పుడు రెండోదాంట్లో “కొత్తమిట్ట, రెండు ట్యాంకర్లు” అని కొట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో నేను రాసిపెట్టిన తెలుగు మాట తెరమీద వెలిగింది: చేరింది.

పెద్ద తెరమీద ఏమీ పడలేదు.

మళ్లీ కొట్టాను. చేరింది. మళ్లీ. చేరింది.

లోపలివాడి పని తేలేదాకా అయిదుగురు బయట వరండాలో కూర్చోవచ్చని ప్రోగ్రాములో నేనే రాశాను. వరండాలో కూర్చున్నవాడు లోపలికి వచ్చాననే అనుకుంటాడు. వాడి చేతిలోని కాగితం గుమ్మం దగ్గరి డబ్బాలో పడుతుంది, అంతే. ఎవరూ చదవలేదు. నేను మాత్రం కాగితం చేయి దాటగానే “చేరింది” అని అచ్చువేయించాను. అవతలివాళ్లు చదివి, “అందింది” అని బదులు చెప్పేదాకా ఆగాలని తోచలేదు. వినేవాడిచేత అనంతకాలం ఎదురుచూపించాను. చెప్పేవాడిచేత ఒక్క క్షణం కూడా ఎదురుచూపించలేదు.

కొత్తమిట్ట బడిలో మూడు రోజులు ఆ మాట చూసి బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్నారట. తర్వాత చౌడేశ్వరి స్విచ్చి తీసి వేయగానే వరండా మొత్తం ఖాళీ అయిపోయింది. డబ్బాలో కాగితాలు కూడా పోయాయి. నేరం చేసిన చోటు కడిగేసినట్టు.

ఆ మూడు రోజులూ పాలబండకు, ఊటకుంటకు కూడా ట్యాంకరు పోలేదు. అక్కడ బడి బోరింగులో నాలుగు బిందెలు పడతాయి కాబట్టి తిట్టుకుని ఊరుకున్నారు. కొత్తమిట్టకు ఆ నాలుగు బిందెలు కూడా లేవు.

మే 16

బుధవారం సంగతి.

ఏడో తారీకు పదకొండు గంటలకు చౌడేశ్వరి నా గేటు దగ్గరికి వచ్చింది. వెంట ఓబుళేసు. తలకు తువ్వాలు, చేతిలో ఖాళీ క్యాను. పన్నెండు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

“మేడం,” అంది చౌడేశ్వరి, “ఈయప్ప కొత్తమిట్ట నుంచి వచ్చినాడు. మూడు దినాలుగా నీళ్లు అడుగుతాండామంటాడు. తెరమీద లేదు. మూడూర్లలో ఒగ ఊరు గూడా అడగలేదంటే నాకు అనుమానంగా ఉండాది. ఒగ ట్యాంకరు తోలించేదా?”

ఓబుళేసు అన్నాడు: “చేరింది అని పడె మేడం. నేను సదువుకోలేదు గానీ బడిలో అయ్యవారు సదివి చెప్పె.”

నేను వరండాలో పేపరు చదువుతున్నాను. కళ్లద్దాల పైనుంచి చూశాను. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను, ఎందుకంటే వారం రోజులుగా దాన్ని తప్ప మిగతావన్నీ రాస్తున్నాను.

“తెరమీద లేకపోతే అడగనట్టే. సోమవారం వాన పడింది కదా, గుంటల్లో నీళ్లు చేరుంటాయి, అందుకే ఎవరూ అడగలేదు. నోటిమాటకు ట్యాంకరు పంపితే మళ్లీ బీడీకట్టల కాలం వస్తుంది చౌడేశ్వరీ. గోడమీద నేను రాసింది చదువుకో.”

సంఘం గది గోడమీద నా చేతిరాతతో, పెద్ద అక్షరాల్లో: తెరమీద లేనిది లేదు.

“వాన మా తట్టు రాలేదు మేడం,” అన్నాడు ఓబుళేసు. “గాలి మాత్రం వచ్చె.”

“వెళ్లి సరిగ్గా కొట్టమని మీ అయ్యవారికి చెప్పు” అని పేపరు తిప్పాను.

మనిషి ఎదురుగా నిలబడి నోటితో చెప్పాడు. మర్యాదగా వినడం గురించి ప్రోగ్రాము రాసినదాన్ని నేను.

మరునాడు పొద్దున అతని భార్య బావిలోకి దిగింది.

మే 17

సంఘానికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. చదువుకుంటే మూడున్నర పేజీలు గాలివాన గురించే ఉంది. చించేశాను.

మే 18, ఆదివారం. సాయంత్రం

సంఘం గదిలో మీటింగుకు పాతికమంది వచ్చారు. చౌడేశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది. ఓబుళేసు ఆస్పత్రి నుంచి బస్సు దిగి, స్టాండులో పెట్టిన సైకిలు మీద నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా రెండు రోజులనాటిది. గంగాధరప్ప తీర్మానం చదవడం మొదలుపెట్టగానే లేచి, “ఆపు గంగాధరప్పా. తప్పు నాది” అన్నాను.

తర్వాత జరిగింది నేను కలలో కూడా అనుకోలేదు. గంగాధరప్ప కళ్లు తుడుచుకున్నాడు.

“చూసినారా! ఇదీ మేడమంటే. పాత శిష్యురాలి మీద నింద పడుతాందని తన నెత్తిన వేసుకుంటాండారు. మేడం మనసు వెన్న!”

చప్పట్లు కొట్టారు. నా మనసు వెన్న అని ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో ఒక్క పిల్ల కూడా అనలేదు. అనకూడని రోజున అన్నారు. ఒక్క క్షణం, ఇక్కడ దాచను, ఒక్క క్షణం కూర్చోవచ్చు అనిపించింది. చెప్పడమూ అయిపోయింది, పేరూ మిగిలింది. చౌడేశ్వరి ఉద్యోగం కూడా నా దయ కింద నిలబడేది. అంత సుఖమైన అబద్ధం నాకు ఇంతవరకూ ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు.

“నువ్వు కూర్చో. ఓబుళేసూ, ఇట్లా రా” అన్నాను.

గురువారం కలిపిన వైర్లు అలాగే ఉంచాను. మొదటి కంప్యూటరులో సగం వాక్యం కొట్టి అతన్ని ప్లగ్గు పీకమన్నాను. భయపడ్డాడు. “కరెంటు కొడ్తాదా మేడం?” “కొట్టదు, పీకు.” పీకాడు. రెండోదాంట్లో కొత్తమిట్ట పేరు కొట్టాను. చేరింది అని పడింది. పాతికమందినీ పెద్ద తెర ముందుకు తీసుకొచ్చి నిలబెట్టాను.

ఖాళీ.

“ఇంకా చూడండి,” అన్నాను. “చౌడేశ్వరి మూడు రోజులు చూసింది. మీరు మూడు నిమిషాలు చూడలేరా?”

చూశారు. ఊటకుంట కొండప్ప మెల్లగా అన్నాడు: “అంటే… మా ఊరోళ్లు కొట్టిందంతా యాడికి పోయె?”

“యాడికీ పోలేదు. వాకిట్లోనే ఉండిపోయింది. అట్లా రాసింది నేను. బుధవారం ఓబుళేసు వచ్చి నోటితో చెబితే ట్యాంకరు వద్దన్నదీ నేనే. చౌడేశ్వరి పంపుతానంది.”

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గంగాధరప్ప తీర్మానం కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టాడు. అప్పుడు చౌడేశ్వరి మాట్లాడింది. నా వైపు చూడలేదు.

“నాకు తెలుసు మేడం. మీరు వద్దనింది నాకు గుర్తు లేదా? గేటు కాడ నిలబడి అడిగింది నేనే గదా. ఎవురికీ చెప్పలేదు. మొన్న మీ ఇంటికి వచ్చింది, మీరే చెప్తారేమో అని. మీరు కాఫీ ఇస్తిరి.”

సంఘం నుంచి తప్పుకుంటానన్నాను. “బలే చెప్తిరి,” అంది. “మీరు పోతే దాన్ని ఎవురు బాగుచేస్తారు? ముందర బాగుచేయండి, ఆ తర్వాత పోతే పోండి. ఇంకోటి. ఆ గోడమీద రాతకు సున్నం కొట్టించండి. దినమూ మద్దేన్నం మూడూర్లకూ నేనే ఫోన్ చేసి నోటితో అడుగుతాను. ఒప్పుకుంటేనే నేను రేపు గది తెరిచేది.”

ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను, నన్నెవరూ అడగకపోయినా.

బయట ఓబుళేసు సైకిలు దగ్గర ఆగాను. ఎన్ని మాటలు కూడబలుక్కున్నానో. అన్నీ పోయి, “లక్ష్మీదేవిని చూడటానికి రావచ్చునా?” అని మాత్రం వచ్చింది.

అతను తువ్వాలుతో హ్యాండిలు తుడిచాడు.

“మొన్న కాలికి కడ్డీ వేసినారు. నడుస్తాదో లేదో ఇంగా చెప్పలేదు. మీరు వస్తే ఏమంటాదో నాకు తెలీదు మేడం. తిట్టినా తిట్టొచ్చు.”

“తిట్టనీ.”

“మా వార్డుకు నీళ్లు సరిగా రావు. కింద నుంచి మోసుకోని పోవల్ల. మాటిమాటికి నాకు ఆయమ్మను వదిలి పోయేదానికి కాదు. వచ్చేటట్లయితే ఊరికే రావద్దండి. ఒగ క్యాను నీళ్లు తేండి. పండ్లూ గిండ్లూ వద్దు, వాళ్లే ఇస్తాండారు.”

రేపటి పని, మరిచిపోకు: ఆరున్నరకు అనంతపురం బస్సు. అయిదున్నరకే లేచి, రాత్రి కాచి చల్లార్చిన నీళ్లు బట్టలో వడగట్టి మూత బిందెలో బస్టాండుకు తీసుకుపో. మన క్యానుకు అడుగున చిల్లి, అది వద్దు. బస్టాండు ఎదురుగా ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఆరింటికి తీస్తాడు. పది లీటర్లది, పట్టుకోవడానికి పిడి ఉన్నది తీసుకో. ఇరవై లీటర్లది నువ్వు మోయలేవు, గొప్పలకు పోవద్దు. డబ్బులిచ్చే ముందే అక్కడి బకెట్లోంచి రెండు చెంబులు పోయించి, మూత బిగించి, తలకిందులు చేసి లెక్కపెట్టు, యాభై దాకా. ఒక్క చుక్క కారినా వేరేది ఇమ్మను.